కాశీ–నేపాల్ యాత్రా కరపత్రానికి హరిద్రా వ్యాఖ్య

అవతారిక

పసుపు ఉడికి, కల్లంలో ఎండి, డ్రమ్ములో పాలిష్ పట్టి, నిజామాబాద్ యార్డులో కొమ్ము వేరు గోళ వేరు అయి, చివరికి పైసల రూపం దాల్చి ఇంటికి తిరిగొచ్చే రోజుల్లో ఆర్మూర్ పట్టణంలో ఏటా ఒక గ్రంథం వెలువడుతుంది. కర్త పేరుండదు, ఫోన్ నంబరు మాత్రం రెండు చోట్ల ఉంటుంది. గులాబీ రంగు పల్చటి కాగితం, ఒకవైపే ముద్రణ. పొద్దున పేపరు మడతలోంచి జారి పడుతుంది. పెర్కిట్ చౌరస్తాలో టీ కొట్టు రేకు మీద, సిద్ధులగుట్ట దారి మొదట్లో అంటించి ఉంటుంది. గ్రంథనామం కాశీ–నేపాల్ యాత్ర.

ఇంత ప్రచారంలో ఉన్న కృతికి ఇంతవరకు టీకా తాత్పర్యాలు పుట్టకపోవడం వింతే. కాళిదాసుకు మల్లినాథసూరి దొరికాడు. ఆ మల్లినాథుడు మనకు దూరపువాడేం కాదు, మెదక్ జిల్లా కొల్చారం ఆయనది. మూలంలో లేనిది రాయను, అక్కర లేనిది చెప్పను అని ప్రతిజ్ఞ పట్టి మరీ కలం పట్టేవాడు. ప్రస్తుత వ్యాఖ్యాత ఆ ప్రతిజ్ఞలో మొదటి సగానికి కట్టుబడతాడు. రెండో సగానికి హామీ లేదు.

ఇక ఇది ఏ జాతి కావ్యం? నా మతంలో మేఘసందేశం జాతికి చెందినది. కాళిదాసు మేఘుడు బయల్దేరిన రామగిరి నాగపూర్ దగ్గరి రాంటెక్ అని ఎక్కువమంది పండితుల మాట. మన బస్సు సోన్ దగ్గర గోదావరి దాటి, నిర్మల్, ఆదిలాబాద్ గడిచి, పెన్‌గంగ వంతెన మీదుగా మహారాష్ట్రలో దిగి, నాగపూర్ చేరి, ఆ రాంటెక్‌కు కాస్త ఎడంగా ఉత్తరానికి సాగుతుంది. మేఘుడి గమ్యం హిమాలయం, దీని గమ్యమూ హిమాలయమే. తేడా ఏమంటే ఆయన ఒంటరివాడు, ఏ మజిలీలోనూ ఉప్మా వండించుకోలేదు.

మూలం: "సువర్ణావకాశం!! సువర్ణావకాశం!! ఆర్మూర్ నుండి కాశీ, నేపాల్ యాత్ర. టూ బై టూ పుష్‌బ్యాక్ వీడియో కోచ్."

టీక: సువర్ణావకాశం = బంగారము వంటి అవకాశము. ఇచ్చట పచ్చదనమే సామాన్య ధర్మము గనుక పసుపు పైసలు చేతనున్న సమయమని లక్ష్యార్థము. రెండుమార్లు చెప్పుట ఏలనన, ఒకటి చదువుకొనువారికి, రెండవది వారు ఇంటిలో బిగ్గరగా చదివి వినిపించుటకు. టూ బై టూ = కుడిప్రక్క ఇద్దరు, ఎడమప్రక్క ఇద్దరు; నడుమ నడవ సంచులది. పుష్‌బ్యాక్ = వెనుకకు వాలునది, అనగా వెనుకనున్నవారి మోకాళ్ళ వరకు వాలునది. వీడియో = నిద్ర పట్టనీయని సాధనము.

తాత్పర్యం: కాశీకి రైళ్ళుండగా బస్సెందుకు అని శంక. ఆర్మూర్ మొదటినుంచీ కాశీ దారిలోనే ఉందని సమాధానం. 2010లో నంబర్లు మార్చకముందు ఊరిని ఆనుకుని పోయే రోడ్డు 7వ నంబరు జాతీయ రహదారి. దాని ఒక కొస వారణాసి, రెండో కొస కన్యాకుమారి, నడుమ 2,369 కిలోమీటర్లు. అప్పట్లో దేశంలోకెల్లా పొడుగు రోడ్డు అదే. ఇప్పుడది 44 అయి శ్రీనగర్ ముఖం పట్టింది. కాగితం మీద నంబరు మారింది గానీ యాత్రా బస్సు డ్రైవరు లఖ్‌నాదోన్ దగ్గర పాత మర్యాద ప్రకారం జబల్పూర్ వైపే స్టీరింగ్ తిప్పుతాడు.

ఈ సంప్రదాయానికి మూలపురుషుడు ఏనుగుల వీరాస్వామయ్య. 1830 మే 18న చెన్నపట్నంలో బయల్దేరి, పల్లకీతో, డేరాలతో, పెద్ద పరివారంతో హైదరాబాద్, నాగపూర్, జబల్పూర్ మీదుగా కాశీకి పోయి, గయ, కలకత్తాలు చూసుకుని 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. ఏ మజిలీలో నీళ్ళు మంచివి, ఏ ఊళ్ళో సరుకులు దొరుకుతాయి అని దారిపొడుగునా రాసుకుంటూ పోయాడు. ఆయన కాశీయాత్ర చరిత్రను సాహిత్య విద్యార్థుల చేత చదివిస్తున్నారు. అసలు చదవాల్సింది బస్సు వంటమాస్టర్లు.

మూలం: "ఉదయం టీ, టిఫిన్, రెండు పూటలా తెలంగాణ భోజనం మావే. వంటవారు వెంట వచ్చెదరు."

టీక: మావే = మావి మాత్రమే. ఏవకారము అవధారణార్థకము. దీనిచేత కాశీ కచోరీ, కాఠ్మండు మోమో మున్నగువాని వలన కడుపునకు కలుగు వికారములకు కర్త బాధ్యుడు కాడని సూచితము. తెలంగాణ భోజనం = అన్నము, పప్పు, పచ్చిపులుసు. వెంట వచ్చెదరు = అదే బస్సులో, కట్టకడపటి సీటులో, ఉల్లిగడ్డల సంచిపై కాళ్ళు చాపుకొని వచ్చెదరు.

తాత్పర్యం: ఈ సూత్రమే గ్రంథానికి ప్రాణం. తక్కినవన్నీ దీనికి పరిశిష్టాలు.

దీని విలువ తెలియాలంటే పోలిక ఒకటి కావాలి. అమెరికాలో స్థిరపడ్డ మన పిల్లలు ఎండాకాలం సెలవుల్లో ఆర్వీ అని ఒక బండి కిరాయికి తీసుకుంటారు. మంచం, పొయ్యి, ఫ్రిజ్జు, పాయిఖానా అన్నీ అందులోనే. సరిహద్దు దాటి కెనడా దాకా పోయి ఫోటోలు పంపిస్తారు. అలాంటి ఫోటో ఒకటి చూసిన అంకాపూర్ పెద్దమ్మ, "నలుగురు మనుషులకు గంత బండా? మల్ల వంట కోడలే చేసుకోవాల్నా?" అన్నది. ఆమె పట్టుకున్న దోషం సామాన్యమైనది కాదు. వాళ్ళు ఇంటిని తీసుకెళ్ళి బండిలో బిగించారు. అందుకే ఇంట్లో చేసే చాకిరీ కూడా వెంట పోయింది. మన బస్సులో ఉండేది సామాను మాత్రమే. ఇల్లు, బండి ఆగినచోట మొలుస్తుంది.

మొలిచే తీరు చూడదగ్గది. రేవా దాటాక ఏ పెట్రోలు బంకు వెనకో, బడి పక్కనో నల్లా కనబడితే డ్రైవరు వేగం తగ్గిస్తాడు. నీళ్ళున్నాయా, నీడ ఉందా, కుక్కలు ఎన్ని అని క్లీనరు దిగి చూసొచ్చి తల ఊపితే బస్సు పక్కకు దిగుతుంది. డిక్కీ తెరుచుకుంటుంది. మొదట తాటిపత్రి, తరువాత గ్యాస్ బండలు, బర్నర్లు, డేగిసలు, జల్లి గంటెలు, బియ్యం సంచి. పైసలు కట్టినం, కూసోని తినుడే అనుకుంటూ ఎక్కిన ఆడవాళ్ళు జబల్పూర్ దాటకముందే ఉల్లిగడ్డలు తరగడానికి కూర్చుంటారు. చేతులు ఊరుకోవు. కాశీ చేరేటప్పటికి పప్పులో ఉప్పు సరిచూసే అధికారం ఒక అవ్వ చేతికి పోయి ఉంటుంది. వంటమాస్టరు జీతం తీసుకుంటాడు, పెత్తనం అవ్వది. ఈ ఏర్పాటులో ఎవరికీ ఫిర్యాదు ఉండదు.

పచ్చిపులుసును గురించి ప్రత్యేకం చెప్పాలి. చింతపండు నానేసి పిసికి, పచ్చిమిర్చి నలిపి, ఉల్లిగడ్డ ముక్కలు, ఉప్పు, జీలకర్ర, ఇంత నువ్వుల పొడి కలిపితే అయిపోతుంది. పొయ్యితో పని లేదు. పోపు వేస్తే వేసినట్టు, లేకుంటే లేదు. ప్రయాణాల కోసమే ఎవరో మహానుభావుడు దీన్ని కనిపెట్టాడని నా గట్టి నమ్మకం. బండలో గ్యాస్ అడుగంటిన రాత్రి, వాన పడుతున్న పోఖరాలో, బస్సు మెట్టు మీద నిలబడి కలిపిన పచ్చిపులుసు ముందు ఏ హోటలూ నిలవదు.

ఇక పసుపు. ఎక్కినవాళ్ళలో పసుపు పండించేవాళ్ళే ఎక్కువ. బజారు పసుపు వాడితే ఊరుకోరు. అలాగని ఎవరి ఇంటిది వాడాలి? ఒకరిది వేస్తే ఇంకొకరు అలుగుతారు. "మాది వేసిన్నాడు పప్పు రంగు చూస్తివి గదా, ఇయ్యాల గిదేంది?" అని ఒక పటేల్ పళ్ళెం పట్టుకుని నిలదీస్తాడు. శాస్త్రాల్లో దీనికి వికల్పం అని పేరు. వంటమాస్టరు తీర్పు మరీ సులువు: అందరి పొట్లాలూ ఒకే డబ్బాలో పోసి కలిపేశాడు. ఆ పూట నుంచి రంగు బాగుంటే ప్రతివాడూ అది తనదే అన్నాడు.

కాఠ్మండులో పప్పు ఉడకకపోవడం మీద మూడు మతాలున్నాయి. పప్పు పాతదని ఒక మతం. నీళ్ళు బరువని రెండోది. వంటమాస్టరు ఫోను చూస్తూ మంట తగ్గించాడని అవ్వది మూడో మతం. సిద్ధాంతం ఇది: కాఠ్మండు సముద్రమట్టానికి సుమారు 1,400 మీటర్ల ఎత్తున ఉంది. అంత ఎత్తులో గాలి ఒత్తిడి తగ్గి నీళ్ళు 95 డిగ్రీల వేడికే మరుగుతాయి. కుతకుతమంటున్నట్టు కనబడుతుంది గానీ లోపల వేడి చాలదు. మూత బిగించిన కుక్కరు ఒక్కటే గతి. అవ్వ మాత్రం తన మతం మార్చుకోలేదు.

మూలం: "ప్లేటు, గ్లాసు, చెంబు, దుప్పటి, టార్చిలైటు ఎవరివి వారే తెచ్చుకొనవలెను."

టీక: ఎవరివి వారే = పూర్వసూత్రమున మావే అన్న కర్తయే ఇచ్చట ఎవరివి వారే అనుచున్నాడు. అన్నము ఉమ్మడి, పాత్ర వేరు. అద్వైతమున ఆరంభమై ద్వైతమున తేలినది. చెంబు = దీని ప్రయోజనము లోకవిదితము గనుక విస్తరింపలేదు. టార్చిలైటు = చెంబునకు తోడు; తెల్లవారుజామున రెంటికిని నిత్యసంబంధము.

విశేషం: ప్లేటు ఎవరిదో ఎలా తేలుతుంది? అంచు మీద పేరు చెక్కి ఉంటుంది గదా అంటారు తెలియనివారు. స్టీలు ప్లేటు మీద చెక్కిన పేరు దాని యజమానిది కాదు, పెళ్ళిలో చదివించినవారిది. ఒకే మేనమామ ముగ్గురు అక్కచెల్లెళ్ళ బిడ్డల పెళ్ళిళ్ళకు ఒకే కొట్టులో కొన్న ప్లేట్లు పెడితే, ఆ ముగ్గురూ ఒకే బస్సెక్కితే, శబ్దప్రమాణం అక్కడ చతికిలబడుతుంది. అప్పుడు సొట్టలే ప్రమాణం. "నా ప్లేటుకు గీడ సొట్ట ఉంటది వదినె" అంటే మరో మాట ఉండదు.

మూలం: "రూము, ఆటో, పడవ, పూజ, రోప్‌వే ఖర్చులు యాత్రికులవే."

తాత్పర్యం: స్పష్టం. రోప్‌వే అనగా దారిలో మైహర్ శారదామాత కొండకు ఒకటి, నేపాల్‌లో మనకామన అమ్మవారికి ఒకటి. రెండోది 1998లో మొదలైంది, ఆ దేశంలో మొట్టమొదటి కేబుల్ కారు అదే. పూజ దగ్గర ఒక మాట. పశుపతినాథుడి గర్భగుడిలో పూజ చేసే భట్టులు తరతరాలుగా దక్షిణాది బ్రాహ్మణులు. ఇన్ని కొండలెక్కి వచ్చాక లోపలున్నది మనవైపు అయ్యవారే అని తెలిసిన మా యాత్రికుల ముఖాలు పడమటి వాకిట్లో ఉన్న పెద్ద నందికన్నా మెరుస్తాయి.

మూలం: "ముందు బుక్ చేసుకున్న వారికి ముందు సీట్లు. సీటు మారుటకు వీలు లేదు."

టీక: ముందు, ముందు = మొదటిది కాలవాచకము, రెండవది దేశవాచకము; యమకము. వీలు లేదు = నిషేధము.

తాత్పర్యం: సీటు ప్రారబ్ధం లాంటిది. వెనకటి జన్మలో, అంటే జనవరిలో, అడ్వాన్సు కట్టినవారు డ్రైవరు వెనక కూర్చుంటారు. మార్చి దాకా ధర కోసం ఆగి పసుపు అమ్మినవారు వెనక టైరు మీద కూర్చుంటారు. టైరు మీద కూర్చున్నవారికి ప్రతి గుంతా విడివిడిగా పరిచయం అవుతుంది.

నిషేధాన్ని తొలగించుకోవడానికి మోకాళ్ళ నొప్పి, చంటిపిల్ల, నడుము ఆపరేషన్ అని అనేక హేతువులు చూపుతారు. అవన్నీ అనుమాన ప్రమాణాలు కనుక చెల్లవు. వాంతి ఒక్కటే ప్రత్యక్షం. బుట్వల్ నుంచి పోఖరాకు పోయే సిద్ధార్థ రాజమార్గం మలుపు మీద మలుపుగా కొండకు చుట్టుకుని ఉంటుంది. అక్కడ నిమ్మకాయలు, ఉప్పు, నల్లకవర్లు బయటికి వస్తాయి. వెనకనుంచి ఒక కేక వినబడగానే జనవరి పుణ్యం చేసుకున్నవాడు మారుమాట లేకుండా లేచి నిలబడతాడు. కూడబెట్టిన పుణ్యం ఖర్చయితే స్వర్గం నుంచైనా దిగాల్సిందే.

మూలం: "ఒరిజినల్ ఓటరు కార్డు తప్పనిసరి. జిరాక్సు చెల్లదు."

టీక: ఓటరు కార్డు = ఐదేండ్లకొకమారు బీరువా నుండి వెలికి వచ్చునది. ఒరిజినల్ = పెండ్లినాటి ముఖము గలది.

తాత్పర్యం: 1950 నాటి మైత్రీ ఒప్పందం పుణ్యాన నేపాల్‌కు మనకు వీసా అక్కర లేదు. మనిషి భారతీయుడేనని తెలిస్తే చాలు. అందుకు పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ చూపాలి. ఆధార్ పదిహేనేళ్ళ లోపు పిల్లలకు, అరవై ఐదు దాటినవారికి మాత్రమే పనికొస్తుంది. కాబట్టి ఇన్నాళ్ళూ వయసు తగ్గించి చెప్పుకున్నవారు సునౌలీ గేటు దగ్గర ఒక్కసారిగా వృద్ధులై ముందుకొస్తారు.

ఓటరు కార్డు మహిమ ఆర్మూర్ వైపువారికి ఒకరు చెప్పక్కర లేదు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ బరిలో 185 మంది నిలిచారు. వారిలో 170 మందికి పైగా పసుపు, ఎర్రజొన్న రైతులే. ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు వరుసగా పేర్చాల్సి వచ్చింది. అంతటితో ఆగక కొందరు పసుపు రైతులు నామినేషన్ వేయడానికి కాశీకే వెళ్ళారు. కాశీకి పోయినవాడు ఏదో ఒకటి వదిలేసి రావాలని గదా ఆచారం. వారిలో చాలామంది నామినేషన్ అక్కడే వదిలి వచ్చారు. వారు కోరిన జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌కు వచ్చింది 2025 సంక్రాంతి నాడు.

ప్రసక్తానుప్రసక్తంగా: కాశీ నుంచి సరిహద్దుకు దారి గోరఖ్‌పూర్ మీదుగా. ఆర్మూర్‌కు పాత పేరు నవనాథపురమని, సిద్ధులగుట్ట మీద తొమ్మండుగురు నాథులు తపస్సు చేశారని ఊరి నమ్మకం. ఆ తొమ్మండుగురిలో గోరఖ్‌నాథుడు ఒకడు. ఇంటి ముందరి గుట్ట ఎక్కడానికి మోకాళ్ళు రానివాళ్ళు గోరఖ్‌పూర్ మఠానికి మాత్రం అందరికన్నా ముందు దిగుతారు.

మూలం: "ప్రతిదినము తెల్లవారుజామున 4 గంటలకు బస్సు కదలును. ఆలస్యమైన వారి కొరకు ఆగదు."

టీక: కదలును = ఇంజను మాత్రము ఆడును. ఆగదు = ఆగును. ఇది విపరీతలక్షణ.

తాత్పర్యం: సరిహద్దుకు ఇవతల ఈ సూత్రం సులభం. అవతల కఠినం. ఎవరి నాలుగు గంటలు? నేపాల్ గడియారం మన గడియారం కన్నా పదిహేను నిమిషాలు ముందు నడుస్తుంది. మన దేశానికి కాలం లెక్కపెట్టే రేఖ 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశం. మన బస్సు దాటి వచ్చిన మిర్జాపూర్ పక్కనుంచి, కింద కాకినాడ దగ్గరనుంచి పోతుంది. నేపాల్ 1986లో తన రేఖను గౌరీశంకర శిఖరం మీద, 86 డిగ్రీల 15 నిమిషాల దగ్గర పెట్టుకుంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున మూడు ముప్పావు డిగ్రీలకు సరిగ్గా పదిహేను నిమిషాలు.

దీనివల్ల బస్సులో పెద్ద శాస్త్రచర్చ లేస్తుంది. సోమవారం రాహుకాలం ఏడున్నరకు. ఏ ఏడున్నర? క్యాలెండరు మనది, గోడ గడియారం వాళ్ళది. ఫోన్లలో కొన్ని కొత్త సమయానికి మారాయి, కొన్ని మారలేదు. గడియారం మనుషులది, రాహువు సూర్యుణ్ణి బట్టి నడుస్తాడని ఒక రిటైర్డు పంతులుగారు తీర్పు చెప్పారు. తీర్పు సబబే గానీ లెక్క ఇంకా చిక్కుపడింది. కాఠ్మండు ఆర్మూర్‌కు తూర్పున ఏడు డిగ్రీలు ఉంది, అంటే సూర్యుడు అక్కడ దాదాపు అరగంట ముందే వస్తాడు. పదిహేను నిమిషాలతో పోయేదానికి అరగంట అయింది. ఇది తేలేలోపు రాహుకాలం రెండు దేశాల్లోనూ గడిచిపోయింది.

సంవత్సరం సంగతి మరీ ఘోరం. నేపాల్‌లో అధికారిక లెక్క విక్రమ సంవత్సరం, మన క్యాలెండరు కన్నా ఏభై ఆరేడు ఏళ్ళు ముందు. మనం సంకల్పంలో శాలివాహన శకం చెప్పుకునేవాళ్ళం. కథల్లో శాలివాహనుడికీ విక్రమార్కుడికీ పడదని చిన్నపిల్లలకు కూడా తెలుసు. భన్సార్ అనే నేపాల్ సుంకం ఆఫీసులో బస్సు పన్ను రసీదు మీద తేదీ చూసిన క్లీనరు, "అన్నా, గీ పర్మిటు మనం సచ్చినంక గూడ నడుస్తది" అన్నాడు.

మూలం: "వాతావరణము, రోడ్డు, ట్రాఫిక్ కారణముల వలన కలుగు మార్పులకు యాజమాన్యమునకు సంబంధము లేదు."

తాత్పర్యం: ఈ ఒక్క సూత్రం దగ్గర వ్యాఖ్యాత హాస్యం పక్కన పెడతాడు. నారాయణ్‌ఘాట్ నుంచి ముగ్లింగ్ పోయే దారికి ఒకవైపు కొండ, ఇంకోవైపు త్రిశూలి నది. 2024 జూలై 12న సిమల్‌తాల్ దగ్గర కొండచరియ విరిగి రెండు బస్సులు ఆ నదిలో కొట్టుకుపోయాయి. అదే ఏడు ఆగస్టు 23న మహారాష్ట్ర జల్‌గావ్ వైపు యాత్రికుల బస్సు తనహూఁ జిల్లాలో మర్స్యాంగ్ది నదిలో పడి ఇరవై మందికి పైగా పోయారు. వానాకాలంలో ఆ కొండలు తడిసి బరువెక్కి జారతాయి. ఆ నెలల్లో ఎవరు బండి కడతామన్నా ఎక్కకూడదు.

ఈ విషయంలో మనవాళ్ళను కాపాడుతున్నది పంట. మృగశిర కార్తె వచ్చి తొలి వాన పడితే పసుపు విత్తనం పెట్టాలి. అందుకని మే నెల దాటకుండా బస్సు ఇల్లు చేరాల్సిందే. "మిరుగు లోపల రావాలె, లేకుంటే అడ్వాన్సు ఇయ్య" అని రైతు బుకింగ్ నాడే తేల్చి చెబుతాడు. కరపత్రం కర్తకు సంబంధం లేకపోయినా మృగశిరకు ఉంది.

మూలం: "విలువైన వస్తువులకు ఎవరికి వారే బాధ్యులు."

టీక: విలువైన వస్తువులు = చెప్పులు.

మూలం: "ముక్తినాథ్ వెళ్ళువారు పోఖరా నుండి సొంత ఖర్చులతో జీపులో వెళ్ళవలెను. నేపాల్‌లో షాపింగునకు సమయము ఇవ్వబడును."

తాత్పర్యం: ముక్తినాథ్ 3,700 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంది. వైష్ణవుల నూట ఎనిమిది దివ్యదేశాల్లో ఒకటి. గుడి వెనక నూట ఎనిమిది ధారలు, మంచు కరిగిన నీళ్ళు. వాటికింద పరిగెత్తి బయటపడ్డవారి పళ్ళు ఒకదానికొకటి కొట్టుకునే చప్పుడే వారి స్తోత్రం. బస్సు అంత దూరం రాదు గనుక వ్యాఖ్య కూడా పోఖరాలోనే ఆగి షాపింగు పట్టుకుంటుంది.

మొదట డబ్బు. 1993 నుంచి వంద భారత రూపాయలకు నూట అరవై నేపాలీ రూపాయలని మారకం ఖాయం చేసి ఉంచారు. వాళ్ళ రూపాయి ఎన్సీ, మనది ఐసీ. టీ అడిగినా, చాదర్ అడిగినా ధర చెప్పాక "ఐసీనా, ఎన్సీనా?" అనడం తప్పదు. వంద కన్నా పెద్ద భారత నోట్లు చెల్లవని 2018 డిసెంబరులో నేపాల్ ప్రభుత్వం ప్రకటించింది. తర్వాత సడలింపుల మాట వచ్చినా మా యాత్రికులు ఇప్పటికీ వంద నోట్ల కట్టలే నడుముకు కట్టుకుని బయల్దేరతారు. దిండు కింద పెట్టుకుంటే మెడ పట్టేసేంత లావు.

ఆడవాళ్ళు రుద్రాక్షలు, శాలిగ్రామాలు చూస్తారు. శాలిగ్రామం కాళీగండకి నదిలో దొరికే నల్లరాయి. లోపల ఒకనాటి సముద్రపు జీవి ముద్ర ఉంటుంది. ఆ కొండలు ఒకప్పుడు సముద్రం అడుగున ఉండేవని దానివల్లే తెలుస్తుంది. నిజంది ఏది, నకిలీది ఏది అని కొట్టువాళ్ళతో గంటసేపు బేరం నడుస్తుంది.

మగవాళ్ళ కాళ్ళు మాత్రం తమంతట తామే కిరాణా కొట్టు వైపు పోతాయి. నేపాలీలో పసుపును బేసార్ అంటారు. గోనెసంచి మూతి విప్పి ఉంటుంది. ఆర్మూర్ రైతు కొమ్ము ఒకటి చేతిలోకి తీసుకుని ముందు బరువు చూస్తాడు, తరువాత గోటితో గీస్తాడు, ఆఖరికి రెండు చేతులతో పట్టుకుని చటుక్కున విరుస్తాడు. విరిగిన చప్పుడు వింటాడు. లోపలి రంగు ఎండకు పెట్టి చూసి పక్కవాడికి ఇస్తాడు. పక్కవాడు కొంచెం కొరికి, "తేమ ఉన్నది" అంటాడు. ఇది యార్డులో వ్యాపారి తమ సరుకు మీద చేసే పరీక్షే. ఏళ్ళతరబడి చేయించుకున్నది ఒక్కసారైనా చేసి చూసే అవకాశం పోఖరాలో దొరికింది.

తరువాత ధర అడిగారు. కొట్టువాడు కిలో లెక్క చెప్పాడు. విన్నవారి ముఖాలు వెలిగాయి. ముగ్గురు ఫోన్లు తీసి క్వింటాలుకు ఎంతో గుణించారు. "ఏందే, మనం సాంగ్లీ యార్డు సాంగ్లీ యార్డు అని పానం తీసుకుంటున్నం గని, గీడికి తెస్తే అయిపోవు గదా" అన్నాడు ఒకాయన. వచ్చే ఏడు లారీ ఎవరిది మాట్లాడాలి, భన్సార్ ఎంతవుతుంది, ఎన్ని టన్నులు పడతాయి అన్నదాకా పోయింది. అప్పుడు ఉల్లిగడ్డల కోసం వచ్చిన వంటమాస్టరు వెనకనుంచి అడిగాడు: "ఐసీనా, ఎన్సీనా?"

ఎన్సీ అన్నాడు కొట్టువాడు.

లారీ రద్దయింది. విరిచిన కొమ్ముకు మాత్రం పైసలు కట్టక తప్పలేదు.